నీటిమీద రాతలు చదివే కన్ను

సద్దుల బతుకమ్మనాటి రాత్రి మా మాక్లూర్ చెరువుగట్టు మీద నిలబడితే ఒక చిత్రం కనబడుతుంది. ఆడవాళ్ళు ఆటపాటలు ముగించి బతుకమ్మలను ఒక్కొక్కటే నీళ్ళలోకి సాగనంపుతారు. కాసేపటికి పేర్పు వదులై గునుగుపూలూ, తంగేడుపూలూ, బంతిపూలూ విడివడి నీటిమీద తేలుతాయి. మొదట చెల్లాచెదరుగా ఉంటాయి. తరువాత ఎవరో కూర్చినట్టు వరుస కడతాయి. తూము దగ్గర నీరు సన్నగా లాగేచోట ఆ వరుస వంగి, ముడుచుకొని, నత్తగుల్ల మీది గీతలాగా చుట్టుకుంటుంది.

మొన్న ఆ గట్టుమీదనే మా చిన్నమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది.

“నాయినా, పూలు తిరుగుతున్నయా, నీళ్ళు తిరుగుతున్నయా?”

“నీళ్ళే తిరుగుతున్నయి బిడ్డా. పూలు మనకు చూపిస్తున్నయి, అంతే.”

“మరి పూలు వెయ్యకముందు గూడ నీళ్ళు గిట్లనే తిరిగినయా?”

“తిరిగే ఉంటయి. మనకు కనబడలేదు.”

ఆ జవాబు చెప్పేశానే గాని, ఇంటికి వచ్చాక అది నన్ను వదల్లేదు. కళాశాలలో పద్యాలు చెప్పుకొనే నాబోటివాడికి సముద్రశాస్త్రంతో పనేమిటని మీరు అడగవచ్చు. నిజమే. కాని పిల్లలు వేసే ప్రశ్నకు పాఠ్యప్రణాళిక ఉండదు గదా! పుస్తకాలు తిరగేస్తే తెలిసినదేమిటంటే, మా అమ్మాయి అడిగిన ప్రశ్ననే భూగోళం నెత్తిమీద ఉన్న గడ్డకట్టే సముద్రాలను గూర్చి శాస్త్రజ్ఞులు చాలాకాలంగా అడుగుతున్నారు. అక్కడ పూలు వేసేవారు లేరు. సంవత్సరంలో కొన్ని నెలలు సూర్యుడే ఉండడు. అయినా అక్కడి నీరు ఎక్కడ, ఎటు తిరుగుతున్నదో చూడక తప్పని అవసరం వచ్చిపడింది. ఆ కథే ఇది.

సుడి వేరు, సుడిగుండం వేరు

తెలుగులో “సుడి” మంచి మాట. తలమీది వెంట్రుకల మెలికా సుడే, అంగడిలో కోడెదూడను కొనేవాడు వెతికిచూసే గుర్తూ సుడే. అదృష్టం వచ్చినవాడికి సుడి తిరిగిందంటాం. ఎండాకాలంలో దుమ్ము లేపుకొంటూ పోయేది సుడిగాలి. ఇక నీళ్ళలో అయితే సుడిగుండం. మంజీరా, హరిద్రా గోదావరిలో కలిసే కందకుర్తికి పుష్కరాల స్నానానికి పోయినప్పుడు, “లోపలికి పోకుండ్రి, సుడి ఉంటది” అని పెద్దలు హెచ్చరించని కుటుంబం మా జిల్లాలో లేదు.

ఆ సుడిగుండం మనిషిని ముంచేది. నార్వే దేశపు తీరాన లోఫోటెన్ దీవుల దగ్గర ఆటుపోట్లవల్ల పుట్టే మోస్కస్ట్రామెన్ అనే సుడిగుండం ప్రపంచప్రసిద్ధం. దాని చుట్టూ బోలెడు కథలు అల్లుకున్నాయి. కాని మనం చెప్పుకోబోయే సుడి ఇటువంటిది కాదు. ఇది ఓడను ముంచదు. దీని నడిమధ్యన పడవలో కూర్చున్నవాడికి తాను సుడిలో ఉన్నట్టే తెలియదు. ఎందుకంటే దీని అడ్డుకొలత కిలోమీటర్లలో ఉంటుంది. నీరు సెకనుకు ఒక జానెడో మూరెడో చొప్పున తిరుగుతుంది. చిన్న సుడి కొద్ది గంటలో రోజులో బతుకుతుంది. పెద్దది నెలల తరబడి సాగుతుంది.

తిరగడంలో రెండు తీరులున్నాయి. గుడిచుట్టూ మనం తిరిగే దిక్కున, అంటే గడియారపు ముళ్ళు తిరిగే దిక్కున తిరిగేది ఒకటి. దానిని ప్రదక్షిణపు సుడి అందాం. ఎదురు దిక్కున తిరిగేది అప్రదక్షిణపు సుడి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న సముద్రాల్లో సాధారణంగా అప్రదక్షిణపు సుడి అడుగునీటిని మధ్యలో పైకి ఎత్తుతుంది. ప్రదక్షిణపు సుడి పైనీటిని కిందికి అదుముతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మున్ముందు దీనితో పని పడుతుంది.

మన బంగాళాఖాతంలో

సుడులను చూడటానికి ఉత్తరధ్రువందాకా పోనక్కరలేదు. మన బంగాళాఖాతం నిండా అవే. తెలుగువారికి ఈ విద్య కొత్తదీ కాదు. 1950లలోనే అమెరికానుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అక్కడి విద్యార్థులతో కలిసి మన తీరపు నీటిని పరిశోధించాడు. విశాఖకు ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లు ఆ పరిశోధనల మూలంగానే శాస్త్రగ్రంథాలకు ఎక్కాయి.

బంగాళాఖాతపు సుడులు భారీవి. వంద నుంచి మూడువందల కిలోమీటర్ల అడ్డుకొలత వాటికి మామూలు. నీటిని పైకెత్తే సుడి అడుగున ఉన్న ఎరువునూ పైకి తెస్తుంది. దానితో నీటిమొక్కలు పెరుగుతాయి, వాటివెంట చేపలు చేరతాయి. వెచ్చనీటిని లోతుగా పోగుచేసుకొన్న సుడిమీదుగా తుపాను పోతే మాత్రం దానికి మేత దొరికినట్టే. 2009 మే నెలలో వచ్చిన ఐలా తుపాను అట్లా ఒక వెచ్చని సుడిమీదుగా పోతూ బలం పుంజుకున్న తీరును విశాఖపట్నంలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ కేంద్రపు శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. కనుక సముద్రపు సుడి అంటే తీరవాసులకు వలలోని చేప, నెత్తిమీది కప్పు.

ఇంత పెద్ద సుడులను చూడటానికి రాడార్ చిత్రాలు తీయనక్కరలేదు. సుడి ఉన్నచోట సముద్రమట్టం చుట్టుపక్కలకంటే కొన్ని సెంటీమీటర్లు ఎత్తుగానో పల్లంగానో ఉంటుంది. ఆ ఎత్తును కొలిచే ఉపగ్రహాలున్నాయి. 1992లో ఎగసిన టోపెక్స్-పొసైడాన్ వాటిలో పేరెన్నికగన్నది. అయితే ఆ ఉపగ్రహం 66వ అక్షాంశం దాటి ఉత్తరానికి పోలేదు. పక్కపక్కనున్న దాని రెండు బాటల నడుమ భూమధ్యరేఖ దగ్గర మూడువందల కిలోమీటర్ల పైచిలుకు ఎడం. ఏనుగును పట్టే వలలో చీమ చిక్కుతుందా? ఉత్తరసముద్రపు సుడులు చీమలవంటివి.

చలిసముద్రపు సుడులకు చిన్నతనం ఎందుకు?

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది భూభ్రమణం.

ఇంటి దూలానికి పొడవైన తాడుకట్టి, బరువైన గుండు వేలాడదీసి ఊపామనుకోండి. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నది గనుక ఆ ఊగే దిక్కు నెమ్మదిగా మారుతూ పోతుంది. 1851లో పారిస్ నగరంలో ఫూకో అనే శాస్త్రజ్ఞుడు దీనిని లోకానికి చూపాడు. మాక్లూర్‌లో అటువంటి లోలకం కడితే దాని దిక్కు ఒక చుట్టు పూర్తిగా తిరిగిరావడానికి దాదాపు 75 గంటలు, అంటే మూడురోజులకు పైగా పడుతుంది. 79వ అక్షాంశం దగ్గర కడితే ఒక్కరోజు చాలు. మనదగ్గర భూమి సముద్రాన్ని మెల్లగా మెలితిప్పుతుంది, అక్కడ గట్టిగా మెలితిప్పుతుందన్నమాట. గట్టిగా మెలితిరిగే నీరు దూరం పోలేదు, దగ్గరలోనే వంగి చుట్టుకుంటుంది.

రెండో కారణం నీటిపొరల తీరు. మనదగ్గర ఎండకు కాగిన తేలికనీరు పైన, చల్లని బరువునీరు కింద స్పష్టంగా విడివడి ఉంటాయి. ఆ పొరల నడుమ కదలిక వేగంగా దూరదూరాలకు పాకుతుంది. చలిసముద్రాల్లో, ముఖ్యంగా లోతుతక్కువ తీరప్రాంతాల్లో, అంత బలమైన తేడా ఉండదు. కదలిక మెల్లగా పాకుతుంది, పాకేలోగానే భూమి దానిని వంచేస్తుంది. అందుకే బారెంట్స్, కారా, లాప్టెవ్ మొదలైన సముద్రాల్లో సుడులు తరచు కొద్ది కిలోమీటర్ల నుంచి ఇరవైముప్పై కిలోమీటర్లలోపే ఉంటాయి.

ఇంత చిన్నవాటిని చూడాలంటే సూక్ష్మమైన ఛాయాచిత్రాలు కావాలి. తీరా చూస్తే ఆ సముద్రాలమీద ఎప్పుడూ మబ్బు, పొగమంచు. చలికాలంలో సూర్యుడు మొహమే చూపడు. మామూలు కెమెరా అక్కడ గుడ్డిది.

చీకటిలో చూసే కన్ను

అక్కడే రాడార్ ప్రవేశించింది. గబ్బిలం చీకట్లో కూతవేసి ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకున్నట్టు, రాడార్ రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చినవాటిని బట్టి బొమ్మ కడుతుంది. దానికి పగలు రాత్రి తేడాలేదు, మబ్బు అడ్డురాదు.

అయితే ఒక చిక్కుంది. ఐరోపావారు 2014 ఏప్రిల్‌లో పంపిన సెంటినెల్-1ఎ అనే ఉపగ్రహాన్నే తీసుకోండి. సుమారు 700 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. దాని ఏంటెనా పొడవు 12 మీటర్లు. అది వాడే తరంగపు పొడవు ఐదున్నర సెంటీమీటర్లు. ఈ లెక్కన అది పంపే కిరణం సముద్రాన్ని చేరేసరికి నాలుగు కిలోమీటర్ల మేర పరచుకుంటుంది. అంటే మూడు కిలోమీటర్ల సుడి దాని కంటికి ఒక్క చుక్క! సుడిలోని మెలికలు కనబడాలంటే ఏంటెనా పొడవు కిలోమీటర్లలో ఉండాలి. అంత పెద్ద యంత్రాన్ని ఆకాశంలోకి ఎవరు మోస్తారు?

1951లో కార్ల్ వైలీ అనే అమెరికన్ ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఉపగ్రహం ఒకచోట నిలబడి చూడదు గదా, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూ చూస్తుంది. పరుగెత్తుతూ విన్న ప్రతిధ్వనులన్నింటినీ క్రమంగా దాచిపెట్టి, తరువాత గణితంతో ఒక్కటిగా కూర్చితే, అది పరుగెత్తిన దూరమంత పొడవైన ఏంటెనాతో చూసినట్టే అవుతుంది. ఒంటికన్నువాడు నాలుగడుగులు పక్కకు నడిచి నాలుగువైపులనుంచి చూసి దూరం పోల్చుకున్నట్టన్నమాట. ఈ ఉపాయంతో 400 కిలోమీటర్ల వెడల్పుగల సముద్రాన్ని ఒక్క ఊపులో, పదులమీటర్ల వివరంతో బొమ్మగీయవచ్చు.

సముద్రంమీదికి ఈ కన్నును మొదట తిప్పినది 1978 జూన్‌లో అమెరికా పంపిన సీశాట్. విద్యుత్తు లోపంవల్ల మూడున్నర నెలలకే అది మూగబోయింది. ఆ కొద్దికాలంలోనే అది పంపిన చిత్రాలు చూసి సముద్రశాస్త్రజ్ఞులు ముక్కున వేలేసుకున్నారు. నీటిమీద సన్నని నల్లని గీతలు, మెలికలు, చుట్టలు! 1984 అక్టోబరులో ఛాలెంజర్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళిన పాల్ స్కల్లీ-పవర్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు, సూర్యకాంతి నీటిమీద మెరిసేచోట అటువంటి చుట్టలనే స్వయంగా కళ్ళతో చూసి ఫోటోలు తీశాడు.

పూలు లేని చోట పూలు

ఇంతకూ రాడార్‌కు కనబడేదేమిటి? నీటి ఉష్ణోగ్రత కాదు, లోతూ కాదు. నీటిమీది గరుకుతనం మాత్రమే. గాలి వీస్తే నీటిమీద కొన్ని సెంటీమీటర్ల పొడవైన ముడుతలు లేస్తాయి. రాడార్ తరంగాలు వాటికి తగిలి వెనక్కు వస్తాయి, బొమ్మలో అక్కడ తెలుపు పడుతుంది. నీరు నున్నగా ఉన్నచోట తరంగాలు అద్దంమీద పడ్డట్టు అవతలికి జారిపోతాయి. అక్కడ నలుపు.

సముద్రంలోని నీటిమొక్కలూ జీవాలూ విడిచే సన్నని జిడ్డు నీటిమీద పొరకడుతుంది. అది కంటికి ఆననంత పలచన. అయినా చిన్న ముడుతలను అణచివేస్తుంది. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాపమ్ చెరువులో చెంచాడు నూనె వంచితే అరఎకరం నీరు అద్దంలా నున్నబడిందని 1774లో ప్రకటించిన సంగతి ప్రసిద్ధం. సముద్రంలో ఆ జిడ్డు, నీరు నీరు కలుసుకొనే అంచుల్లో దారాలుగా పోగవుతుంది. సుడి ఆ దారాలను తనచుట్టూ చుట్టుకుంటుంది. బెల్లం వండేచోట పెనంలో తెడ్డు తిప్పినప్పుడు నురగచారలు చుట్టుకుపోవడం బోధన్ వైపు చెరకుపల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. రాడార్ బొమ్మలో కనబడేది అదే. చెరువులో పూలు చేసిన పనిని అక్కడ జిడ్డుగీతలు చేస్తున్నాయి.

మంచు అంచున అయితే ఇంకో సాక్షి ఉంది. గడ్డకట్టిన సముద్రం వేసవిలో పగిలి, మంచుపలకలు విడివడి తేలుతాయి. సుడి వాటిని లాక్కుని తెల్లని చుట్టగా పేరుస్తుంది. 1983, 1984 వేసవుల్లో గ్రీన్లాండుకూ స్వాల్బార్డ్ దీవులకూ నడుమ ఓడలతోపాటు రాడార్ అమర్చిన విమానాలను తిప్పి అనేక దేశాలవారు ఈ మంచుసుడులను పరిశోధించారు. అచ్చంగా మన సద్దుల బతుకమ్మే, పూలకు బదులు మంచుపలకలు!

ఈ కంటికీ లోపాలున్నాయి. గాలి బొత్తిగా లేకపోతే ముడుతలే లేవవు, బొమ్మంతా నలుపే. గాలి సెకనుకు ఏడెనిమిది మీటర్లు మించితే జిడ్డుపొర చెదిరిపోయి గీతలు మాయమవుతాయి. నూనె ఒలికినా, వాన కురిసినా బొమ్మలో మచ్చలు పడతాయి. ఇది సుడియా, మరొకటా అని అనుభవంగల కన్ను తేల్చాలి. అందుకే ఈ శాస్త్రంలో చాలా పని చేతిపనిలాగే సాగింది. వేలాది బొమ్మలు ముందు పరచుకొని ఒక్కొక్క చుట్టనూ గుర్తించి, నడిమిచోటు, అడ్డుకొలత, తిరిగే దిక్కు రాసుకుంటూపోయారు. ఇప్పుడిప్పుడే కంప్యూటర్లకు ఆ పని నేర్పుతున్నారు.

లెక్క తేలింది, చిక్కు మిగిలింది

అట్లా చేసిన ఒక పెద్ద లెక్క 2019లో వెలువడింది. ఉత్తరధ్రువ సముద్రపు పడమటి భాగంలో 2007, 2011, 2016 సంవత్సరాల్లో జూన్ నుంచి అక్టోబరుదాకా తీసిన రాడార్ చిత్రాలను పరిశోధకులు వెదికారు. మంచులేని నీటిలో నాలుగువేలకు పైగా, మంచు అంచుల్లో మూడువేల ఐదువందలకు పైగా సుడులు దొరికాయి. అరకిలోమీటరు మొదలు వంద కిలోమీటర్ల దాకా అన్ని కొలతలవీ ఉన్నాయి. ఏవో అక్కడక్కడా ఉంటాయనుకున్నవి అంతటా ఉన్నాయని తేలింది.

అయితే ఒక విచిత్రం. రాడార్‌కు కనబడినవాటిలో అప్రదక్షిణపు సుడులు రెండు ఉంటే ప్రదక్షిణపువి ఒకటి. అదే సముద్రంలో లోతున తీగలకు వేలాడదీసిన పరికరాలూ, మంచుపలకలకు కట్టి కిందికి దింపిన పరికరాలూ చెప్పినది దీనికి తలకిందులు. అడుగున ఉన్నవి అత్యధికంగా ప్రదక్షిణపు సుడులే! ఎవరిది నిజం? ఇద్దరిదీ నిజమే. రాడార్ సముద్రపు చర్మాన్ని మాత్రమే చూస్తుంది. లోతున తిరిగే సుడి పైన ఏ గుర్తూ వదలకపోవచ్చు. పైన తిరిగే చిన్నసుడి పరికరం ఉన్న లోతుదాకా దిగకపోవచ్చు.

మంచు కింది వేడి

ఎక్కడో మంచుసముద్రంలో నీరు ఎటు తిరిగితే మనకేమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఆ సముద్రపు కట్టుబాటులోనే ఉంది.

నార్వేవాసి నాన్సెన్ 1893 నుంచి 1896 దాకా ఫ్రామ్ అనే ఓడను కావాలనే మంచులో బిగించి, మంచుతోపాటు కొట్టుకుపోతూ సముద్రాన్ని కొలిచాడు. పైన గడ్డకట్టే చలినీరు. దాని కింద, కొన్నివందల మీటర్ల లోతున, దానికంటే వెచ్చనినీరు! అట్లాంటిక్ సముద్రం నుంచి వచ్చే నీరు అది. దానిలో దాగిన వేడి పైకి వచ్చిందా, పైనున్న మంచునంతా కరిగించడానికి చాలుతుంది. మరి వెచ్చనినీరు పైకి తేలదేం? ఉప్పువల్ల. ఓబ్, యెనిసీ, లేనా మొదలైన మహానదులు తెచ్చే తియ్యనినీరు పైన తేలికపొరగా పరుచుకుంటుంది. అంత చలిలో నీటిబరువును నిర్ణయించేది వేడికంటే ఉప్పే. ఆ తియ్యనిపొర కుండమీది మూతలాగా కింది వేడిని అదిమిపెట్టింది.

మనకిది తెలియని సంగతి కాదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, మన కందకుర్తి మీదుగా పోయే గోదావరి కలిసి బంగాళాఖాతంమీద ఇటువంటి తియ్యని మూతనే పరుస్తాయి. ఇక్కడా ఆ పొర పైనీటినీ అడుగునీటినీ సులభంగా కలవనీయదు. భూమికి రెండుకొసల్లా ఉన్న రెండు సముద్రాలకు ఒకే పోలిక!

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న సంగతికి రండి. అప్రదక్షిణపు సుడి అడుగునీటిని ఎత్తుతుంది. మనదగ్గర అడుగునీరు చల్లన, కనుక సుడి చల్లదనం తెస్తుంది. అక్కడ అడుగునీరు వెచ్చన! అక్కడి సుడి పైకెత్తేది వేడినే. పైగా మంచు అంచున తిరిగే సుడి ఒకవైపు మంచుపలకలను వెచ్చనినీటిలోకి ఈడుస్తుంది, మరోవైపు వెచ్చనినీటిని మంచుకిందికి తోస్తుంది.

1979 నుంచి ఉపగ్రహాలు ఉత్తరధ్రువ సముద్రపు మంచును ఎడతెగకుండా కొలుస్తున్నాయి. 1980 ప్రాంతాల్లో సెప్టెంబరునాటికి సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో మిగిలినది 34 లక్షలు, అంటే మన దేశవైశాల్యం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. ఈ కరగడానికి మూలం భూగోళం వేడెక్కడమే. కాని ఏ ఏడు ఎంత కరుగుతుంది, ఎంత త్వరగా కరుగుతుంది అని ముందుగా చెప్పాలంటే సుడుల లెక్క కావాలి. వాతావరణాన్ని లెక్కించే యంత్రాలు సముద్రాన్ని గళ్ళుగా విభజించి లెక్కగడతాయి. గడి పది కిలోమీటర్లదైతే మూడు కిలోమీటర్ల సుడి ఆ లెక్కలో ఉండదు. బజారుఖర్చు రాసేటప్పుడు చిల్లర వదిలేసినట్టే. ఒకరోజు ఫరవాలేదు, ఏడాది తిరిగేసరికి పద్దు తప్పుతుంది.

ఇందులో మనవారి పాలు

ఈ పనిలో మనదేశానికీ, మన తెలుగునేలకూ పాలుంది. స్వాల్బార్డ్ దీవుల్లోని నీ-ఆలెసుండ్‌లో 2008 జూలై 1న హిమాద్రి అనే భారతీయ పరిశోధనశాల తెరిచారు. అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరి నడుమగాని మళ్ళీ ఉదయించని చోటది. దాని ముంగిట ఉన్న కాంగ్స్ ఫ్యోర్డ్ అనే ఇరుకు సముద్రపాయలో 2014 జూలైలో 192 మీటర్ల లోతున మనవారు ఇండార్క్ అనే పరికరాల తీగను లంగరువేశారు. అట్లాంటిక్ వెచ్చనినీరు లోపలికి వచ్చేదారి అది. పైన మంచున్నా, చీకటున్నా ఆ తీగ నీటి వేడినీ ఉప్పునూ ప్రవాహాన్నీ రాసుకుంటూ ఉంటుంది. గోవాలోని ధ్రువపరిశోధన కేంద్రం, చెన్నైలోని జాతీయ సముద్రసాంకేతిక సంస్థ, మన హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ కలిసి చేసిన పని ఇది. చేపలు ఎక్కడ దొరకవచ్చునో, కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో మన జాలరులకు రోజూ చెప్పే ఇన్‌కాయిస్ సంస్థే ఇది.

ఇక రాడార్ కన్ను. మన శ్రీహరికోట నుంచి 2012 ఏప్రిల్ 26న రీశాట్-1 ఎగసింది. సెంటినెల్ వాడే తరంగాల జాతికి చెందినవే అదీ వాడింది. 2022 ఫిబ్రవరిలో అదే జాతి ఇ.ఓ.ఎస్-04 వెళ్ళింది. 2025 జూలై 30న అమెరికాతో కలిసి నిర్మించిన నైసార్‌ను అదే శ్రీహరికోట నుంచి పంపారు. దాని ఏంటెనా ఆకాశంలో గొడుగులా విచ్చుకుంటే అడ్డుకొలత 12 మీటర్లు. అది వాడే తరంగాలు రెండు రకాలు, ఒకటి సుమారు 24 సెంటీమీటర్ల పొడవు, మరొకటి సుమారు 9 సెంటీమీటర్లు. దాని ముఖ్యమైన పని భూమి కదలికలనూ, పంటలనూ, మంచునూ కొలవడం. మన ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకొనే పెద్ద కేంద్రం హైదరాబాదుకు దక్షిణాన షాద్‌నగర్ దగ్గర ఉంది.

మరొక మంచి సంగతి. సెంటినెల్ చిత్రాలను ఐరోపావారు లోకానికి ఉచితంగా ఇస్తున్నారు. అంటే నిజామాబాదులో చదివే పిల్లవాడైనా, పిల్లయినా ఓపిక ఉంటే ఇంట్లో కూర్చుని బారెంట్స్ సముద్రపు బొమ్మ దించుకొని, సుడులు ఎన్నున్నాయో లెక్కపెట్టవచ్చు. దానికి చలికోటు కావాలా, ఓడ కావాలా?

ఇదంతా మా అమ్మాయికి నాకు చేతనైనట్టు చెప్పాను. ఒక రాడార్ బొమ్మ కూడా చూపాను. నల్లని నీటిమీద తెల్లని మంచుపలకలు చుట్టలు చుట్టుకొని ఉన్నాయి. “బతుకమ్మల లెక్కనే ఉన్నది!” అన్నది. తరువాత కాసేపు ఊరుకుని, పంతులుకు పరీక్షపెట్టే విద్యార్థిలాగా నావైపు చూసింది.

“పూలు మునిగినంక, కింద నీళ్ళు ఎటు తిరుగుతున్నయో ఎట్ల తెలుస్తది నాయినా?”

రెండువేల పంతొమ్మిదిలో లెక్క తేల్చినవారి ముందు నిలిచిన చిక్కు సరిగ్గా ఇదే. పైన ఉపగ్రహం ఎంత చక్కగా చదివినా, కిందికి తీగ దింపి చూడక తప్పదు. “కిందికి దిగి చూడాలె బిడ్డా” అన్నాను.

“అయితే నేను దిగి చూస్త” అన్నది. చెరువులోకి మాత్రం కాదని ముందుగా మాట తీసుకున్నాను.